సీడెడ్‌లో కష్టమండీ!

తెలుగునాట సినిమా ప్రేక్షకులు అంతరించిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు హాల్లో కూర్చుని పాప్‌కార్న్ నములుతున్నవాళ్లంతా డిస్ట్రిబ్యూటర్లే. నమ్మకం కలక్కపోతే ఏ ఆదివారమో ఫస్ట్‌షో వదిలే వేళకి హాలు గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చేవాళ్లని "ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. ఒకాయన "నైజాంలో లాగేస్తుంది" అంటాడు. వెనకే వస్తున్నాయన "సీడెడ్‌లో కష్టమండీ" అని పెదవి విరుస్తాడు. మూడో ఆయన అమెరికా ప్రీమియర్లు డల్‌గా ఉన్నాయని దిగులుపడతాడు. నాలుగో ఆయన స్కూటర్ స్టాండు తీస్తూ, "సోమవారం డ్రాప్ ఎంతుంటుందో చూసి చెప్పాలి" అని తీర్పు వాయిదా వేస్తాడు. వీళ్లలో ఎవరికీ ఆ సినిమాలో పైసా వాటా లేదు. సీడెడ్ గురించి బెంగపడుతున్నాయనకి కడప, కర్నూలు వైపు చుట్టాలు కూడా లేరు.

ఇంతకీ ఈ సీడెడ్ ఎక్కడిది? 1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన జిల్లాలవి. ఆ పేరు మాకొద్దని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. కంపెనీ పోయింది, తెల్లవాళ్లు పోయారు, నిజాం పోయాడు. 1956లో రాష్ట్రం ఒకటైంది, 2014లో రెండైంది. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. ఇన్ని జరిగినా శుక్రవారం వచ్చేసరికి సినిమా లెక్కల్లో నిజాం నైజాంగా లేచి కూర్చుంటాడు, కంపెనీవారి సరిహద్దు రాళ్లు మళ్లీ మొలుస్తాయి. 1800 నాటి ఆ ఒప్పందం సంగతి గ్రూప్ 2 పరీక్షలో అడిగితే బిక్కమొహం వేసే కుర్రాడు, మూడోరోజు సీడెడ్ షేర్, అంటే ఖర్చులు పోను డిస్ట్రిబ్యూటరు చేతికొచ్చేది, ఎంతో లక్షలతో సహా అప్పజెబుతాడు.

ఒకప్పుడు ఈ దిగులు పడడానికి వేరే మనుషులుండేవారు, అసలు డిస్ట్రిబ్యూటర్లు. బెజవాడ గాంధీనగర్‌లో వీధులకు వీధులు వాళ్ల ఆఫీసులే. నవయుగ లాంటి సంస్థలు అక్కడి నుంచే ఆంధ్రదేశానికి సినిమాలు పంచాయి. అడ్వాన్సులిచ్చేదీ వాళ్లే, ప్రింట్ల పెట్టెలు రైలెక్కించేదీ వాళ్లే, మ్యాట్నీకి జనం పల్చబడితే బీపీ మాత్ర వేసుకునేదీ వాళ్లే. జనానికి ఆ గొడవ పట్టేది కాదు. నేల టికెట్టు కొనుక్కుని, ఏడవాల్సిన చోట ఏడ్చి, ఈల వేయాల్సిన చోట వేసి, ఇంటికెళ్లి కథ చెప్పేవారు. మా మేనత్త చెప్పడం మొదలెడితే మూడు గంటల సినిమా నాలుగు గంటలు నడిచేది. సావిత్రి చీర అంచు రంగు నలుపు తెలుపు సినిమాలో ఆవిడకెలా తెలిసిందో ఇప్పటికీ అంతుబట్టదు. సూర్యకాంతం తిట్లు వచ్చినచోట గొంతు పెంచేది, వంటింట్లో ఉన్న అత్తగారికి వినబడాలని. ఏ సినిమా ఎంత చేసిందో మాత్రం ఆవిడకి తెలీదు. అడిగితే "మనకెందుకురా, వాళ్ల డబ్బు వాళ్లది" అనేది.

లెక్కలు అప్పుడూ ఉండేవి, కాదన్ను. కాకపోతే రోజుల్లో ఉండేవి. 50 రోజులు, 100 రోజులు, 175 రోజులైతే సిల్వర్ జూబ్లీ. ఏ సినిమా ఎన్ని కేంద్రాల్లో ఎన్నాళ్లు ఆడిందో గోడలే చెప్పేవి. ఇప్పుడు పొద్దున విడుదల, సాయంత్రం సక్సెస్ మీట్. కేకు కోసే సమయానికి మొదటి ఆట చూసినవాళ్లు ఇంకా నిద్ర కూడా లేవరు. 1980లో శంకరాభరణం విడుదలైన తొలి రోజుల్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయని పెద్దలు చెబుతారు. చూసినవాళ్లు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి చెప్పుకుంటూ పోతే హాళ్లు నిండాయి. ఇప్పుడైతే ఆ నోటిమాట వీధి మలుపు తిరిగేలోపే సినిమా తీసేసి పక్క హీరోది వేసేవారు. "ముసలాయన పాటలు, ఫైట్లు లేవు, సెకండాఫ్ ల్యాగ్" అని మ్యాట్నీకల్లా తేల్చేసేవారు.

ఈ ల్యాగ్ అన్నదానికి కచ్చితమైన నియమాలున్నాయి. హీరో స్లోమోషన్లో నాలుగు నిమిషాలు నడిస్తే అది ఎలివేషన్. విలన్ మనుషులు ఒక్కొక్కడే గాల్లోకి లేచి, కాసేపు అక్కడే ఉండి, తీరిగ్గా కింద పడితే అది మాస్. తల్లీ కొడుకూ ఎదురెదురుగా కూర్చుని ఒకటిన్నర నిమిషం మాట్లాడుకున్నారా, ల్యాగ్. ఆడవాళ్లిద్దరు మాట్లాడుకుంటే అది ల్యాగ్ కూడా కాదు, క్యాంటీన్‌కి వెళ్లి రావడానికి దర్శకుడు దయతో ఇచ్చిన విరామం.

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ప్రసాద్స్ ఉంది. పెద్ద సినిమా విడుదలైన పొద్దున అక్కడ తెరమీద కన్నా బయటే ఎక్కువ నటన చూడొచ్చు. మొదటి ఆట చూసి, కళ్లు ఎర్రగా చేసుకుని బయటికొచ్చిన కుర్రాడి గడ్డం కింద గుత్తులు గుత్తులుగా మైకులు. "అన్నా, ఫస్టాఫ్ అయితే మామూలుగ లేదన్నా. ఇంటర్వెల్ బ్యాంగ్ అరాచకం. బీజీఎం వేరే లెవెల్. సెకండాఫ్ల జర ల్యాగ్ ఉంది, గాని క్లైమాక్స్‌ల లేపిండు. ఫ్యాన్స్‌కైతే ఫుల్ మీల్స్." పేరు తీసేస్తే ఈ మాటలు ఏ సినిమాకైనా సరిపోతాయి. నిజానికి సినిమా చూడకపోయినా సరిపోతాయి. పాపం, కుర్రాణ్ణి అని లాభం లేదు. మైకు పట్టుకున్నవాడికి కావలసింది ఎనిమిది సెకన్ల ముక్క. అందులో కథ పట్టదు, కేక ఒక్కటే పడుతుంది. ఆ వీడియో చూసి టికెట్టు కొనేవాళ్లూ ఉన్నారు, మానేసేవాళ్లూ ఉన్నారు. పక్క రాష్ట్రాల్లో నిర్మాతలు ఈ మైకులవాళ్లని హాలు గేటు లోపలికి రానివ్వొద్దని గోల పెట్టారు, కోర్టుల దాకా వెళ్లారు. మనవాళ్లు తెలివైనవాళ్లు. అదే మైకుల ముందు కేక పెట్టడానికి సొంత మనుషుల్ని పంపిస్తారు.

కేకలు నచ్చని చదువరుల కోసం రివ్యూల్లో అంకెలున్నాయి. ఐదింటికి 2.75. ఇది ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావుడు. 2.75 అంటే నూటికి యాభై అయిదు. కొడుక్కి తొంభై ఆరొస్తే "ఆ నాలుగూ ఎక్కడ పారేశావురా?" అని నిలదీసే జాతి మనది. అలాంటి మనం యాభై అయిదొచ్చిన సినిమాకి "ఒకసారి చూడొచ్చు" అని సకుటుంబంగా బయల్దేరతాం. మూడుకీ దీనికీ మధ్యనున్న ఆ పావు ఎక్కడ తగ్గిందో మాత్రం దిద్దినాయన చెప్పడు. ఎంసెట్ ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడ్డ కుర్రాడి కథతో 2025 సెప్టెంబరులో లిటిల్ హార్ట్స్ వచ్చింది. ర్యాంకుల పిచ్చి మీద పడీ పడీ నవ్విన జనం బయటికొచ్చి చేసిన మొదటి పని ఆ సినిమాకి ర్యాంకు వేయడం. ఎంత పెట్టారు, ఎన్ని రెట్లొచ్చింది, ఈ ఏడాది లాభాల్లో ఎన్నో స్థానం?

2025 సంక్రాంతి సంగతి మరీ ఘోరం. జనవరి 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. మొదటిదీ చివరిదీ ఒకే నిర్మాతవి కాబట్టి కుడిచేతి నష్టం ఎడంచేతి లాభంలో పూడుతుందా అని పండగ మూడ్రోజులూ మా బంధువర్గం గారెలు తింటూ లెక్కలేసింది. గేమ్ ఛేంజర్ మొదటిరోజు గ్రాస్, అంటే మొత్తం వసూలు, 186 కోట్లని పోస్టర్ వదిలారు. ఆ పోస్టర్ మీద జరిగినంత చర్చ సినిమా మీద జరగలేదు. రామ్ చరణ్ అందులో కలెక్టరు. కలెక్టరు సినిమా చూసొచ్చి జనం కలెక్షన్ల గురించి కొట్టుకున్నారు. అదే నెలలో ఆదాయపు పన్నువాళ్లు సినిమావాళ్ల ఇళ్లలో, ఆఫీసుల్లో సోదాలకి దిగేసరికి, పోస్టర్లని మనసారా నమ్మింది వాళ్లొక్కరేనని జోకులు పేలాయి.

మా కింది వాటాలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. సంక్రాంతికి వస్తున్నాం ఆయనా నేనూ పక్కపక్క సీట్లలో చూశాం. వెంకటేష్ పెళ్లానికీ పాత ప్రియురాలికీ మధ్య నలుగుతుంటే మాస్టారు నవ్విన నవ్వుకి కళ్లజోడు జారి ఒళ్లో పడింది. రెండుసార్లు దగ్గొచ్చి నీళ్లు తాగారు. బయటికొచ్చి జోడు తుడుచుకుంటూ గంభీరంగా, "కథేం లేదండీ. లాజిక్ అసలే లేదు. అయితే ఫ్యామిలీ ఆడియన్స్ వస్తారు కాబట్టి వర్కవుట్ అవుతుంది. బి, సి సెంటర్లలో ఆడుతుంది" అన్నారు. అప్పుడాయన పక్కన భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు ఉన్నారు. ఆయన పుట్టి పెరిగింది, పాఠాలు చెప్పి రిటైరైంది సి సెంటర్లోనే. అయినా ఆ నవ్వు ఆయనది కాదట. ఎక్కడో ఉన్న ఫ్యామిలీ ఆడియన్స్ తరఫున ఈయన నవ్వి పెట్టారట.

నచ్చిందని ఒప్పుకోవడంలో ఏదో ప్రమాదం ఉన్నట్టుంది. నచ్చిందంటే మీ అభిరుచి ఎంతో తెలిసిపోతుంది. ఎవరి అభిమానో తెలిసిపోతుంది. మన దగ్గర రెండోది మరీ చిక్కు. అడిగినవాడు ఏ హీరో అభిమానో కనుక్కోకుండా "బావుంది" అన్నామా, మిత్రత్వం అక్కడితో సరి. బండి వెనక స్టిక్కరు చూసి, ఫోనులో వాల్‌పేపరు చూసి అప్పుడు నోరు విప్పాలి. అదే "నైజాంలో ఓకే, ఓవర్సీస్‌లో వీక్" అన్నారనుకోండి, ఎవరి మనసూ నొచ్చుకోదు, మీ మనసు ఎవరికీ తెలీదు. పైగా లోపలి సమాచారం ఉన్న మనిషిలా కనబడతారు. ఆఫీసులో ఇంక్రిమెంటు ఎందుకు ఆగిందో తెలియనివాడికి కూడా ఫలానా సినిమా బ్రేక్ ఈవెన్‌కి ఎంత దూరంలో ఆగిందో తెలిసి ఉండటం చిన్న గౌరవం కాదు.

ఈ తీర్పులకి కాలదోషం కూడా పడుతుంది. 2010లో ఖలేజా, ఆరెంజ్ రెండూ ఫ్లాపులని తేల్చిన పెద్దమనుషులు మనవాళ్లే. 2023లో ఆరెంజ్‌ని మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండాయి, కుర్రాళ్లు పాటలన్నీ గొంతెత్తి పాడారు. 2025లో ఖలేజాకీ అదే జాతర. అప్పట్లో ఇంటర్వెల్లోనే లేచి వచ్చేసిన మా బావగారు ఇప్పుడు "కాలం కన్నా ముందొచ్చిన సినిమా బావా" అంటున్నారు. మరి ఆ రోజు సినిమా కన్నా ముందు ఇంటికొచ్చింది ఆయనేగా!

ఓటీటీ వచ్చాక ఇంకో రకం తీర్పరులు తయారయ్యారు. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ, హాల్లో విడుదలైన ఎనిమిది వారాలకి గానీ సినిమా ఇంటికి రాకూడదని నిర్మాతలు ప్రతిజ్ఞ చేశారు. 2025 జనవరి 10న వచ్చిన గేమ్ ఛేంజర్ ఫిబ్రవరి 7కల్లా మంచం మీదికొచ్చేసింది. ప్రతిజ్ఞకి కూడా సెకండాఫ్ కలిసి రాలేదు. ఇంట్లో చూసేవాళ్లు సినిమాని ఒకటిన్నర రెట్ల వేగంతో పరుగెత్తిస్తూ, మధ్యలో చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్లి వస్తూ, చివర్లో "ఏమో, కనెక్ట్ కాలేదు" అంటారు. అరగంట బాల్కనీలో ఉన్నవాడికి కనెక్ట్ అవ్వాలంటే సినిమాకి కూడా ఫోన్ నంబరుండాలి.

మన మధ్య ఇంకా ప్రేక్షకులున్నారన్న అనుమానం నాకు ఒక్కసారి వచ్చింది. 2023 మార్చిలో వేణు యెల్దండి తీసిన బలగం వచ్చింది. ముసలాయన పోతాడు, పిండం కాకి ముట్టదు, ఇంట్లోవాళ్ల పంతాలు బయటపడతాయి. తెలంగాణ పల్లెల్లో నడివీధిలో తెర కట్టి, చాపలు పరుచుకుని ఊరంతా కలిసి చూశారు. చూసినవాళ్లు షేర్, గ్రాస్ అనలేదు. మా తాత పోయినప్పుడు కూడా ఇట్లనే అయిందన్నారు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కొందరు మళ్లీ పలకరించుకున్నారని పేపర్లు రాశాయి. అదే సమయంలో ఇలా ఉచితంగా వేస్తే ఎలాగని నిర్మాణ సంస్థ తరఫున పోలీసులకి ఫిర్యాదు వెళ్లింది. తర్వాత నిర్మాత దిల్ రాజు, ఎవర్నీ ఆపే ఉద్దేశం లేదని సర్దిచెప్పారు. జనం లెక్కలు మర్చిపోయిన ఆ ఒక్కసారీ ఎవరో ఒకరు గుర్తుచేయాలి కదా.

సరే, డిస్ట్రిబ్యూటర్లమే అనుకుందాం. మరి డిస్ట్రిబ్యూటర్లకుండే హక్కులు మనకేవి? 2002లో బాబా సినిమా పోయినప్పుడు పంపిణీదారుల నష్టం రజనీకాంత్ తన జేబులోంచి సర్దాడు. అప్పట్నుంచి ఏ పెద్ద సినిమా తేలిపోయినా కొన్నవాళ్లు హీరో గుమ్మం ముందు కూర్చోవడం రివాజైంది. సీడెడ్ కోసం నిద్రలు పాడు చేసుకున్న మనల్ని మాత్రం ఎవరూ పిలవరు.

ఈ అన్యాయం మా మాస్టారికీ తట్టింది. పండగ సినిమాల తాలూకు నష్టపరిహారం కోరుతూ ఫిలిం ఛాంబర్‌కి అర్జీ రాసి, పోస్టు చేసే ముందు నాకు చూపించారు. ఏడు టికెట్లు, పార్కింగు, రెండు బకెట్ల పాప్‌కార్న్, నైజాం విషయమై పడ్డ ఆందోళన, ఓవర్సీస్ విషయమై పడ్డ ఆందోళన, జీఎస్టీ అదనం. అంకెలన్నీ నిలువుగా, చక్కగా కూడి ఉన్నాయి. కాఫీ తెచ్చిన ఆయన భార్య భుజం మీదుగా తొంగిచూసి, "ఏమండీ, ఆ వెంకటేష్ సినిమాకి అంతలేసి నవ్వారుగా, దానికెంత తీసేస్తున్నారు?" అని అడిగింది.

మాస్టారు కలం ఆపి, కాస్త ఆలోచించి, "అది గ్రాస్‌లోకి వస్తుందే గానీ షేర్‌లోకి రాదే" అన్నారు.