ఒక టూరు కరపత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ప్రొద్దున ప్రకృతి, పిమ్మట చరిత్ర, సాయంత్రం వైన్ రుచులు. భోజనం అదనం. గైడ్ కలరు.

ఫ్రాన్సు దేశాన, బర్గండీ సీమలో, డిజోన్ నగరం నుంచి బయల్దేరే ఒక్కరోజు వ్యాను యాత్రల కరపత్రాలన్నిటినీ పిండితే దిగే సారం ఇంతే. ప్రతిపదార్థం సులభం. ప్రకృతి అనగా డిజోన్‌కు దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్లు సాగే సున్నపురాతి వాలు, దాని మీది ద్రాక్షతోటలు. చరిత్ర అనగా మఠాలు, ప్రభువుల మందిరాలు. వైన్ రుచులు అనగా గ్లాసు అడుగున కాస్తంత పోయించుకుని, రంగు చూసి, గిరగిరా తిప్పి, వాసన పట్టి, పుక్కిలించి, బుద్ధిమంతులైతే పక్కనున్న తొట్టిలో ఉమ్మివేయడం. 'భోజనం అదనం' అన్నది స్పష్టం. కనుక పూర్వవ్యాఖ్యాతల మర్యాద ననుసరించి దాన్ని వదిలేస్తున్నాం. చిక్కంతా అన్వయంలోనే ఉంది. కరపత్రకర్త మూడింటినీ కామాలతో విడదీసి, మూడు వేర్వేరు సరుకుల్లా ఒకే బుట్టలో పెట్టాడు. అది కుదరదని మా పక్షం. సాయంత్రం గ్లాసులో పడేదే మూలగ్రంథం. పగలంతా చూపించేది దానికి టీకా.

ప్రమాణం ఏమిటంటే, క్లో ద వూజో అనే తోట. 1098లో వెలసిన సీతో మఠపు సన్యాసులు 12వ శతాబ్దంలో దీన్ని నాటడం మొదలుపెట్టి, క్రమంగా పెంచి, చుట్టూ రాతిగోడ కట్టారు. ఒకే ప్రహరీ లోపల సుమారు 125 ఎకరాలు. ఫ్రెంచి విప్లవం మఠం ఆస్తుల్ని స్వాధీనం చేసుకుని వేలం వేసింది. 1889లో తోట ముక్కలై పలువురి చేతుల్లోకి పోయింది. ఇవాళ ఎనభైమందికి పైగా యజమానులు. ఇక నేల చూడండి. పై అంచున మట్టి పలచన, అడుగున రాయి, నీరు నిలవదు. కింద రోడ్డు పక్కన బంకమట్టి, వాన పడితే కాలు దిగబడుతుంది. అయినా పైవాడి సీసా మీదా కిందివాడి సీసా మీదా ఒకటే పేరు, ఒకటే ఉత్తమశ్రేణి ముద్ర. రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే రుచి ఎందుకు తేడాగా ఉందో నాలుక చెప్పలేదు. గోడ ఒకటిగా ఎందుకుందో మఠం చెప్పాలి, లోపల ఎందుకు చీలిందో విప్లవం చెప్పాలి, మిగతాది వాలు చెప్పాలి. గ్లాసులోని ఎరుపు పలచగా ఉండటం సైతం కొంత రాజాజ్ఞ ఫలితమే: గమే అనే ద్రాక్షజాతిని పీకేయమని 1395లో బర్గండీ ప్రభువు రెండో ఫిలిప్ శాసించాడు, పినో నువార్‌కు పట్టం కట్టాడు. ప్రొద్దున గెవ్రే ఊరి వెనక కోంబ్ లావో లోయలో నడిపిస్తారు కదా, ఆ లోయ నుంచి కొట్టుకొచ్చిన గులకరాళ్ల మీదనే దిగువ తోటల్లో కొన్ని నిలబడి ఉన్నాయి. మన పొలాలకు సర్వే నంబర్లు ఉన్నట్టు అక్కడ చెక్కచెక్కకూ ఓ పేరు ఉంది. అలాంటి 1,247 చెక్కల్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాబట్టి ప్రకృతి ఎక్కడ ముగిసిందో, చరిత్ర ఎక్కడ మొదలైందో తెలియని చోట కామా ఎక్కడ పెడతారు?

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి 54 మంది రుచిచూపరులకు ఇస్తే, వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు; బోర్డోలో జరిగిన ఈ పరీక్ష 2001లో అచ్చయింది. కళ్లు చెప్పింది నాలుక నమ్ముతుందన్నమాట. అలాంటప్పుడు మఠం కథ చెప్పి పోసింది రుచిగానే తోస్తుంది, అది టీకా కాదు, మాయ అంటాడు. ఆక్షేపణ బలమైనదే. కాని అది టీకా వద్దని రుజువు చెయ్యదు; టీకాకు ఎంత శక్తి ఉందో చెప్పి, దాన్ని తనిఖీ చెయ్యమంటుంది. అతను ఊరుకోడు, 1976 తీస్తాడు. ఆ ఏడు ప్యారిస్‌లో ఫ్రెంచి నిపుణులే పేర్లు దాచి రుచి చూస్తే, తెల్ల వైన్లలో బర్గండీవాటిని దాటి కాలిఫోర్నియా షార్డొనే మొదటి స్థానం కొట్టింది. అక్కడ సన్యాసులేరీ? లేరు. ఒప్పుకుంటాం. రుచి గొప్పదవడానికి చరిత్ర అక్కర్లేదు. ఈ రుచి ఇలాగే ఎందుకుంది అన్న ప్రశ్నకు మాత్రం అది కావాలి. వ్యాను ఎక్కినవాడు కొనుక్కున్నది ఆ జవాబునే, ఉత్తమ వైన్ అంగట్లోనూ దొరుకుతుంది. మూడో దెబ్బ మరీ గట్టిది: 19వ శతాబ్దం చివర ఫిలోక్సెరా అనే పురుగు తోటల్ని తినేస్తే, అమెరికా జాతి వేళ్ల మీద అంటుకట్టి బతికించుకున్నారు, తరతరాల నేల రుచి అంటూ మీరు మెచ్చుకునేది అమెరికా వేరు పీల్చి పంపినదే. నిజమే. అయితే దాన్ని టీకాలో చేర్చాలి గాని, టీకా చింపెయ్యనక్కర్లేదు.

మిగిలింది 'గైడ్ కలరు'. మూలం మొత్తంలో క్రియాపదం ఇదొక్కటే, భారమంతా దీని మీదే. ఫ్రాన్సు చట్టం ప్రకారం బండి నడిపేవాడి రక్తంలో లీటరుకు ఆల్కహాలు 0.5 గ్రాములకు చేరకూడదు, బస్సు డ్రైవరుకైతే 0.2; కనుక వ్యాను తోలే వ్యాఖ్యాత మూలాన్ని దాదాపు ముట్టకుండానే వ్యాఖ్యానించాలి. కాళిదాసుకు టీకా రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచెలిమవాడు. మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది పలకనని ఆయన పెట్టుకున్న నియమం వూజో గైడ్లకూ వర్తింపజేయాలి. తోట పైభాగపు వైన్ పోపుకు, నడిమిది రాజులకు, కిందిది సన్యాసులకు పోయేదని వాళ్లు తప్పకుండా ఓ కథ చెబుతారు. ముచ్చటైన కథే, కాని ఇతిహాసం కాదు, ఐతిహ్యం. చెప్పవద్దనం. చివర 'అంటారు' అని చేర్చి చెప్పి, ఆ తర్వాత యాత్రికుల్ని రోడ్డు పక్క వరుసల దాకా నడిపించి, బంకమట్టి చూపిస్తే సరి.