రాజపాళయం పిన్‌కోడుకు చోళపుర వ్యాఖ్య

మూలము: 626117

అవతారిక. చోళపురంలో పెళ్లి కుదిరింది. పక్కనున్న రాజపాళయం చుట్టాలకు శుభలేఖలు వేయాలి. పసుపు అంటిన ప్రతి కవరు మీదా ఈ ఆరంకెల కృతిని రాసి రాసి వేళ్లు నొప్పెట్టాయి గాని, దీనికింతవరకు టీక పుట్టలేదు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడును దేశానికిచ్చిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడాను. కవి చేతి పని టీక లేకుండా పడి ఉండడం పండితులకు తలవంపు.

ప్రతిపదార్థము. 6 = తమిళనాడు, కేరళలున్న మండలమందు; 62 = దానిలోని ఉపమండలమందు; 626 = విరుదునగరం సార్టింగు జిల్లాయందు; 117 = రాజపాళయం బట్వాడా పోస్టాఫీసు. ఆంధ్ర, తెలంగాణలకు మొదటి అంకె 5. కనుక తెలుగు మాట్లాడే రాజపాళయం రాజుల ఇళ్లలో మాట అయిదుది, చిరునామా ఆరుది.

పూర్వుల పద్ధతిలో, అంకెలను కుడినుంచి ఎడమకు చదివితే: మునిచంద్రభూరసాక్షిరసము. మునులు ఏడుగురు, చంద్రుడొకడు, భూమి ఒకటి, రసములు ఆరు, కన్నులు రెండు, మళ్లీ రసములు ఆరు. రసములు తొమ్మిది గదా అని ఆలంకారికులు అడ్డుపడతారు. వంటవారి లెక్క ఆరే. తపాలా శాఖ వంటవారి పక్షం.

పూర్వపక్షము. పిన్‌కోడు సంఖ్యే కాదు, ఊరికి మరో పేరు. దాన్ని ఎవరు కూడారు, ఎవరు భాగించారు?

సమాధానము. తపాలావారు దీన్ని 626 అని, 117 అని విరుస్తారు. అది కత్తిరింపు, భాగహారం కాదు. భాగహారానికి ఇది లొంగదు. 791 లోపు ప్రధాన సంఖ్యలు 138. వాటిలో ఏ ఒక్కటీ దీన్ని నిశ్శేషంగా భాగించదు. 792 వర్గమే దీన్ని మించిపోతుంది గనుక ఆపై వెతకనక్కర్లేదు. 626117 ప్రధాన సంఖ్య.

విశేషము. నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తమవుతుంది, అదీ ఒకే ఒక్క విధంగా. మనది ఆ జాతిదే: 721 వర్గము 5,19,841, 326 వర్గము 1,06,276, కూడి చూచుకొనుడు. ఈ సంగతిని ఫెర్మా 1640లో మెర్సెన్‌కు ఉత్తరంలో రాశాడు, రుజువు మాత్రం రాయలేదు. దాదాపు నూరేళ్లకు ఆయిలర్ రుజువు కనిపెట్టి గోల్డ్‌బాక్‌కు ఉత్తరంలో రాశాడు. రెండు ఉత్తరాలూ పిన్‌కోడు లేకుండానే చేరాయి.

లేఖకదోషము. ఆధార్‌లో చివరి అంకె తక్కినవాటికి కాపలా. ఒక అంకె తప్పు పడితే పట్టిస్తుంది. పిన్‌కోడుకు ఆ కాపలా లేదు. అంకె తారుమారైతే శుభలేఖ ఏ ఊరికో పోయి, పెళ్లయ్యాక తిరిగి రావచ్చు. అయితే నడుమనున్న రెండు ఒకట్లను ఎంత అటూ ఇటూ చేసినా రాజపాళయానికే చేరునని వ్యాఖ్యాత అభిప్రాయము.