బావా, నీ భక్తికి దండం

కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం పొడుగునా దేవుణ్ణి దెప్పిపొడిచాడు. పైకి ఎత్తిపొడుపు, లోపల భక్తి. నాకంత విద్య లేదు. పైగా నేను తలుచుకున్నది దేవుణ్ణి కాదు, మా బావను. అందుకని దెప్పను, పొగుడుతాను.

బావా, నార్కట్‌పల్లి పక్కన చెరువుగట్టుకు ఎంతమంది రారు! పరశురాముడు ప్రతిష్ఠించిన 108 శివలింగాల్లో చివరిది ఇక్కడిదేనని స్థలపురాణం. అమావాస్య రాత్రి జడల రామలింగేశ్వరుడి దగ్గర నిద్ర చేస్తే రోగాలూ పీడలూ పోతాయని నమ్మి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లందరిలో నీ అంత భార్యాప్రేమ ఉన్నవాణ్ణి నేను చూడలేదు. అక్క మోకాళ్ల నొప్పులు తగ్గితే చాలని ఐదు అమావాస్యలు మెట్లదారిన వస్తామని మొక్కావు. మొక్కింది నువ్వు, ఎక్కింది అక్క. నువ్వు బండి మీద ఘాట్‌రోడ్డున పోయి పైన ఎదురుచూశావు. ఆలుమగల నడుమ నీ కాళ్లు, నా కాళ్లు అని లెక్కలేమిటి?

నీ నమ్మకం సంగతి చెప్పనే అక్కర్లేదు. బండికి నిమ్మకాయలు, హెడ్‌లైటుకు విభూతి, హెల్మెట్ మాత్రం ట్యాంకు మీద. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు రయ్యిన పోతుంటే "స్వామి ఉండంగ మనకేమైతది" అన్నావు. టోపీ పెట్టుకున్న పోలీసు కనిపించగానే హెల్మెట్ తలకెక్కింది. ఇద్దరిలో ఎవరు వెంటనే చలానా రాస్తారో తెలిసిన జ్ఞానివి.

పైన మూడు గుండ్లున్నాయి కదా, ఆ నడుమ సందులో అందరూ అడ్డంగా తిరిగి ఊపిరి బిగబట్టి దూరుతారు. మనసులో మలినముంటే గుండ్లు పట్టేస్తాయని దారి పొడుగునా మాకు చెప్పిందీ నువ్వే. అక్క దూరింది. చంకలో పిల్లతో ఒక ముసలమ్మ దూరింది. నీ పొట్ట దగ్గరికొచ్చేసరికి కథ ఆగింది. వెనక నలభై మంది, ముందు అక్క చెయ్యి పట్టుకుని గుంజుతోంది, అంగీ గుండీ ఒకటి టప్పున తెగి బండ మీద పడింది. అప్పుడు కూడా నువ్వు స్థైర్యం వదల్లేదు. "పోయినేడు ఇంత ఇరుకు లేకుండె" అన్నావు. తనను తాను తెలుసుకోమని పెద్దలంటారు. నువ్వు బండలను తెలుసుకున్నావు.

ఇక ఆ రాత్రి. మొక్కుల్లో ఉపవాసం ఉంది, పొర్లుదండాలున్నాయి, తలనీలాలున్నాయి. నువ్వు ఎంచి ఎంచి నిద్ర చేసే మొక్కు పట్టావు. చాప పరిచిన ఐదు నిమిషాల్లో మొదలుపెట్టి తెల్లారేదాకా ఆపలేదు. అక్క మాత్రం కొంగుతో నీ మీది దోమలు తోలుతూ కూర్చుంది.

నార్కట్‌పల్లిలోనే మెడికల్ కాలేజీ దవాఖాన ఉంది. ఒక్కసారి చూపిద్దామంటే నువ్వు వద్దన్నావు. ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు బిగుసుకుపోవడం నల్గొండ జిల్లాలో కొత్త సంగతేమీ కాదు, అదే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, చూస్తే కదా తెలిసేది. కానీ నీ ముందుచూపు నాకు తర్వాత అర్థమైంది. డాక్టరైతే మెట్లెక్కొద్దంటాడు, బరువులు ఎత్తొద్దంటాడు. అప్పుడు తాగే నీళ్ల డబ్బా ప్లాంటు నుంచి ఎవరు తేవాలి? స్వామి అలాంటి చిక్కులేం పెట్టడు. కొబ్బరికాయ తీసుకుంటాడు, ఊరుకుంటాడు.

నన్ను కూడా కొంచెం పొగుడుకోనీ. అక్క మెట్లెక్కుతుంటే సద్దిమూట ఆమె చేతిలోనే ఉంది. నేను నీ బండి వెనక కూర్చుని పైకొచ్చాను. పైన నువ్వు ఇప్పించిన చాయ్ తాగాను. గుండీ తెగినప్పుడు అందరికంటే గట్టిగా నవ్విందీ నేనే. ఇదంతా మొహం మీద చెప్పే ధైర్యం లేక కాగితం మీద రాస్తున్నాను.

నాలుగు అమావాస్యలయ్యాయి. అయిదోదానికి కొండ ఎక్కలేనని అక్క నిన్న ఫోన్లో చెప్పింది. నీకు చెప్పడానికి భయపడుతోంది. మెట్లు నువ్వెక్కు బావా, నీతో నేనూ నడిచే వస్తాను. పొద్దున నీళ్ల డబ్బా తెచ్చిపెట్టి బయల్దేరు. 20 లీటర్లే.