ఒక బోరు మోటారు ఆత్మకథ

కుందుర్పి చుట్టుపక్కల పైన పలచని ఎర్రమన్ను, దాని కింద గ్రానైటు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే వాన. గట్టి రాయి నీటిని పట్టి ఉంచదు, ఉన్న కొద్ది నీరూ దాని పగుళ్లలోనే ఉంటుంది. అలాంటి పగులును వెతుక్కుంటూ వేసిన ఒక బోరులో, 180 మీటర్ల లోతున, ఈ కథ చెప్పుకునే 5 హెచ్‌పీ మోటారు వేలాడుతోంది. 'నేను' అని చెప్పుకునే అలవాటు మోటార్లకు లేదు. వాటి బతుకంతా బలాల లెక్కే.

గట్టు మీద కూర్చుని నీరు పీల్చే యోగం దీనికి లేదు. పీల్చే పంపు నీటిని లాగదు, పైపులో గాలి తగ్గిస్తుందంతే. బయటి వాతావరణ పీడనమే నీటిని పైకి నెడుతుంది. ఆ పీడనం మోయగలిగింది 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని, ఆచరణలో ఏడెనిమిది మీటర్లే. అందుకే ఈ మోటారు నీళ్లలోకే దిగి, కింది నుంచి నెడుతుంది.

ఎంత ఎత్తుకు నెడుతుందన్న దగ్గరే విద్యార్థులు తడబడతారు. జవాబు 180 మీటర్లు కాదు. మోటారు ఆడుతుండగా బోరులో నీటి మట్టం 150 మీటర్ల దగ్గర నిలిచిందనుకుంటే, ఎత్తవలసింది ఆ 150 మీటర్లే. మిగతా 30 మీటర్లు పైపు లోపలా బయటా నీరే కాబట్టి అక్కడి పీడనాలు సరితూగుతాయి. సెకనుకు ఒక లీటరు, అంటే ఒక కిలో నీరు వస్తే, కావలసిన సామర్థ్యం 1 × 9.8 × 150 = 1,470 వాట్లు. ఒక హెచ్‌పీ 746 వాట్లు కనుక ఇది రెండు హెచ్‌పీల కన్నా కాస్త తక్కువే. పంపు దక్షత సగమే అనుకుంటే నాలుగు హెచ్‌పీలు. పైపులో ఘర్షణకు కొంత కలిపితే 5 హెచ్‌పీ మోటారు సరిపోతుంది.

మోటారు కాలిపోయి పైకి తీసే రోజున మరో లెక్క. లోపలి వ్యాసం 4 సెంటీమీటర్లున్న ఇనుప పైపు మీటరుకు సుమారు మూడున్నర కిలోలు, మొత్తం 630 కిలోలు. మోటారు, పంపు కలిపి 60 కిలోలు అనుకోవచ్చు. నాన్‌ రిటర్న్ వాల్వు మూసుకుని ఉంటుంది కనుక పైపులోని నీరు దిగిపోదు. మట్టం ఇంకా అక్కడే ఉందనుకుంటే, దానికి పైనున్న 150 మీటర్లలో సుమారు 190 కిలోల నీరు ఉంటుంది. మునిగిన భాగం మీద ఉత్ప్లవనం ఓ ఇరవై కిలోలు తగ్గిస్తుంది. వీటన్నిటినీ పైకి లాగే చెయిన్ మోసేది 860 కిలోల బరువు, అంటే సుమారు 8,400 న్యూటన్లు. సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణంతో గుంజితే ఇంకో 900 న్యూటన్లు. అందుకే అనుభవమున్నవాళ్లు కుదుపు లేకుండా లాగుతారు.

కాలిపోవడానికి కారణం చాలాసార్లు అయస్కాంత క్షేత్రంలోనే దొరుకుతుంది. మూడు ఫేజుల కరెంటు మూడు వైండింగులలో ఒకదాని వెనక ఒకటి ఉచ్చస్థాయికి చేరుతుంటే క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. రెండు ధ్రువాల మోటారులో, 50 హెర్ట్జ్ దగ్గర, నిమిషానికి 3,000 చుట్లు. రోటరు 2,850 చుట్ల దగ్గరే వెనకబడి ఉంటుంది. వెనకబడితేనే దానిలో విద్యుత్తు ప్రేరితమై బలం పుడుతుంది, క్షేత్రాన్ని అందుకుంటే ఆ బలమూ ఉండదు. ఒక ఫేజు పోయినప్పుడు క్షేత్రం తిరగడం మాని ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆగి ఉన్న మోటారు కదలక గుయ్‌మంటుంది, కరెంటు పెరుగుతుంది. వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. వైండింగ్ మాడడానికి ఎంతోసేపు పట్టదు.

2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కావడంతో హెచ్‌పీ లెక్క చేసుకునే అవసరం చాలామందికి కనబడలేదు. నీరు తగ్గితే పెద్ద మోటారు దించుతున్నారు. పగులులోకి ఊరే నీరు దానివల్ల పెరగదు. ఊరేదాని కన్నా ఎక్కువ తోడితే మట్టం పంపు దాకా పడిపోతుంది, చల్లబరిచే నీరు అందక మోటారు పాడవుతుంది. కొత్తది కొనేముందు, పాతది ఆడుతుండగా బోరులో మట్టం ఎక్కడ నిలుస్తుందో కొలిపించుకుని, ఆ అంకెనే దుకాణంలో చెప్పండి.