నాలుగో ఎత్తులో పోయే బంటును

నేను తెల్లబంటును. ఉండాల్సింది బి2 గడిలో, ఉన్నది బీరువా వెనక. నెత్తిమీద చిన్న పెచ్చు లేచిపోయింది. అడుగున అతికించిన పచ్చగుడ్డ ఊడి సీసం బిళ్ళ బయటపడింది. అందుకే మాస్టారు ఎనిమిదిమందిలో నన్నే ఏరి బి2లో పెట్టేవారు. ‘‘ఎలాగూ ముందు పోయేది ఇదేగా’’ అనేవారు, నేను వింటుండగానే.

చదరంగంలో ఆయనకు ఇవాన్స్ గాంబిట్ అనే ఆరంభం అంటే ప్రాణం. రాజుల ముందు బంట్లు ఎదురెదురుగా నిలిచి, గుర్రాలు దిగి, శకట్లు కూడా బయటికొచ్చాక, నన్ను రెండు గళ్ళు తోసి నల్లశకటు నోటికి అందించేవారు. ఈ ఎత్తుకు తన పేరు తగిలించుకున్న విలియం డేవిస్ ఇవాన్స్ వేల్స్‌కు చెందిన ఓడ కెప్టెన్. 1820ల్లో లండన్‌లో మెక్‌డొనెల్ మీద దీన్ని ప్రయోగించాడు. పేరు ఆయనకు, చావు నాకు! 1852లో బెర్లిన్‌లో ఆండర్సన్ ఇదే గాంబిట్‌తో మొదలెట్టి, చివర్లో మంత్రిని బలిచ్చి డ్యుఫ్రెస్నెకు ఆట కట్టించాడు. ఆ మంత్రి త్యాగాన్ని నేటికీ పొగుడుతారు. నాలుగో ఎత్తులో పోయినవాణ్ని తలిచేవాడు లేడు.

శకటు నన్ను తినగానే సి బంటు ఒక గడి కదిలి దాన్ని తరుముతుంది. అది పారిపోయే లోపు మావాళ్ళు డి బంటును నడిపి నడిబోర్డు పట్టేస్తారు. నా ఖరీదు అంతే, ఒక్క ఎత్తు. ఆ తర్వాత బోర్డు పక్కన పడి ఆట చూడటమే నా ఉద్యోగం.

ఒక కుర్రాడు నన్ను తిన్న ఊపులో డి బంటునూ, దాని వెనకే సి బంటునూ తినేశాడు. ముగ్గురినీ తన పక్కన వరసగా నిలబెట్టుకుని మురిసిపోయాడు. మాస్టారు చప్పుడు లేకుండా మంత్రిని బి3కి తెచ్చి ఎఫ్7 మీద గురిపెట్టారు. నల్లరాజుకు కోట కట్టుకునే తీరిక కూడా దొరకలేదు. కుర్రాణ్ని అని ఏం లాభం? 1995లో రీగాలో కాస్పరోవ్ ఇదే గాంబిట్ విసిరితే, మన ఆనంద్ శకటును ఈ7కి వెనక్కి లాక్కున్నా 25 ఎత్తుల్లో ఓడిపోయాడు.

నాకు మంట పుట్టించింది మాత్రం ఒక అమ్మాయి. నన్ను తింది. శకటును ఏ5కి తీసింది, డి బంటును ఒక గడి జరిపింది, శకటును బి6కి చేర్చి కూర్చుంది. ఇది లాస్కర్ చూపించిన దారి. మాస్టారు ఈ5లో బంటును కొట్టారు, ఆమె డి బంటుతో తిరిగి కొట్టింది, మంత్రులు మార్పిడి అయిపోయారు, మా గుర్రం వెళ్ళి ఆ రెండో బంటును తీసుకుంది. లెక్క సరిపోయింది. ‘‘నీ బంటు నీకిచ్చేశాను మాస్టారూ’’ అని నవ్వింది. ఎక్కడిచ్చింది? పోయింది వాళ్ళ బంటు. నేను పక్కనే పడి ఉన్నాను! మంత్రులే లేకపోయాక ఇంక దాడేముంది? ఏ2లో ఒకడు, సి3లో ఒకడు, మధ్యలో నా గడి ఖాళీ. ఒకరినొకరు కాచుకోలేని ఆ ఇద్దరినీ వెంటాడి ఆట గెలిచింది. నా లోటు మాస్టారికి తెలిసింది ఆ ఒక్కరోజే.

మాస్టారు పోయాక సెట్టు ఎవరెవరి చేతుల్లోనో పడింది. ఒక సాయంత్రం ఎవరి మోచెయ్యో తగిలి దొర్లి ఇక్కడికొచ్చాను. వంగి చూసినవాడు లేడు. కూల్‌డ్రింక్ మూత ఒకటి తెచ్చి బి2లో పెట్టేశారు. ఈ కాలం పిల్లలకు తొందర లేదు; సి3, డి3 అంటూ నిదానంగా ఆడుకుంటారు, ఆరంభంలో బి బంటు జోలికే పోరు. మొన్న ఆ మూత ఎనిమిదో వరస దాకా నడిచి మంత్రి అయింది. చప్పట్లు ఇక్కడికే వినపడ్డాయి.