స్టాంప్ టూ పండితుడు

డబ్లిన్‌లో తెలుగు కుర్రాళ్లు నలుగురు కలిసి అద్దెకుండే ఏ ఇంటికి వెళ్లినా అతను కనిపిస్తాడు. పేరేదైతేనేం, స్టాంప్ టూ పండితుడు అందాం. విద్యార్థులకి ఐర్లండ్ ఇచ్చే అనుమతి పేరు స్టాంప్ టూ. అది చదువుకోడానికి ఇచ్చారన్న ఒక్క సంగతి తప్ప, దాని గురించి అతనికి తెలియనిది లేదు.

పరీక్షలెప్పుడని అడగండి, బుర్ర గోక్కుంటాడు. పని గంటలు అడగండి, నిద్రలో లేపినా అప్పజెప్తాడు: క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 40, మళ్లీ డిసెంబరు 15 నుంచి జనవరి 15 దాకా 40. కాలేజీ మెయిల్ ఒక్కటీ తెరవడు గానీ, 2026 జనవరిలో కనీస వేతనం గంటకి 14.15 యూరోలైందని ఇంట్లో అందరికంటే ముందు చెప్పింది అతనే. చెప్తూనే రూపాయల లెక్కకి వందతో గుణించేశాడు. డేటా ఎనలిటిక్స్ మాస్టర్స్‌లో అతను చేసిన ఎనాలిసిస్ అదొక్కటే.

అలాగని కాలేజీ అంటే గౌరవం లేదనకండి. కాలేజీ పేరున్న హుడీ ఒంటిమీంచి దిగదు. కాకపోతే దాన్ని తొడుక్కు తిరిగేది రెస్టారెంటు వంటింట్లో. మోచేతుల దగ్గర చికెన్ వింగ్స్ పిండి ఎండి అట్టకట్టి ఉంటుంది. ఇంటికి వీడియో కాల్ కూడా లువాస్ ట్రామ్ కాలేజీ ముందునుంచి పోయేటప్పుడే చేస్తాడు. "అదిగోమ్మా, మా కాలేజీ!" అంటాడు. "మరి దిగవేంరా?" అని ఆవిడ అడిగేలోపు సిగ్నల్ పోతుంది. వీసా వచ్చాక చిలుకూరు బాలాజీ గుళ్లో 108 ప్రదక్షిణలు చేసి మరీ విమానమెక్కిన కాళ్లవి. స్టాపు నుంచి క్లాసుదాకా నడవడమే వాటికి భారమైపోయింది.

కొత్తగా వచ్చినవాళ్లు భయంభయంగా "అన్నా, అటెండెన్స్?" అంటే, "85 శాతం రూలు ఇంగ్లీషు కోర్సులోళ్లకిరా తమ్మీ. మనల్ని ఎవడు చూస్తడు? ఫీజు కట్టినం కదా!" అని ధైర్యం చెప్తాడు. మాస్టర్స్ పాసైతే ఉద్యోగం చూసుకోడానికి రెండేళ్లు స్టాంప్ 1జీ ఉంటుందనీ ఊరిస్తాడు. పాసవడం మాత్రం ఆ బాలాజీకే వదిలేశాడు.

చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు. క్లాసుకి రానివాడి సంగతి కాలేజీ ఇమిగ్రేషన్ వాళ్లకి చేరవేస్తుంది. అనుమతి కార్డు రెన్యువల్‌కి 300 యూరోలు కడితే సరిపోదు, కాలేజీకి వెళ్తున్నట్టు కాగితం కూడా కావాలి. కాలేజీ రిజిస్టర్లో పేరు ఊడిందా, అనుమతికీ కాలం చెల్లినట్టే. అయినా కదలకుండా కూర్చుంటే 1999 ఇమిగ్రేషన్ చట్టం మూడో సెక్షన్ కింద ఉత్తరం వస్తుంది: మిమ్మల్ని దేశం నుంచి పంపేద్దామనుకుంటున్నాం, మీ అంతట మీరే వెళ్తారా, ఉండనివ్వడానికి కారణాలేమైనా రాస్తారా? రాయడానికి గడువు 15 పనిదినాలు.

అప్పుడు చూడాలి మనవాణ్ని. షిఫ్టులు పక్కవాడికి అంటగడతాడు. రూమ్మేట్ లాప్‌టాప్ అడిగి తెచ్చుకుంటాడు. తెల్లవార్లూ కూర్చుని, చదువంటే తనకెంత ప్రాణమో పేజీల మీద పేజీలు రాస్తాడు. స్పెల్లింగులు ఒకటికి రెండుసార్లు చూసుకుని, గడువుకి ఒకరోజు ముందే రిజిస్టర్డ్ పోస్టు చేస్తాడు. ఐర్లండ్‌లో అడుగుపెట్టాక అతను టైముకి ఇచ్చిన మొదటి అసైన్‌మెంట్ అదే. దిద్దేది న్యాయశాఖ మంత్రి.