ఎవరి తాలూకు?

నన్ను చూసినవాళ్లు ముందు మొద్దనే అనుకుంటారు. అడ్డంగా కోస్తే వలయాలు, పొడవు 8 మీటర్ల దాకా, మందం మీటరు దాకా. మరేమనుకుంటారు? కానీ నేను నిలబడ్డ కాలంలో, సుమారు 40 కోట్ల ఏళ్ల కిందట, చెట్లనేవే లేవు. మొక్కలు చాలావరకు మోకాలెత్తు దాటేవి కావు. నేలమీద అందరికంటే ఎత్తయిన శాల్తీని నేనే. పురుగులు మాత్రం నా వంశం అడక్కుండానే నాలో సొరంగాలు తవ్వుకుని కాపురాలు పెట్టాయి.

మనుషులు అలా వదల్లేదు. 1843లో భూగర్భ శాస్త్రవేత్త విలియం లోగన్ కెనడాలోని గాస్పే తీరంలో శిలాజాలైన మావాళ్లను ఏరి తీసుకెళ్లాడు. 1859లో జాన్ విలియం డాసన్, ఇది యూ చెట్టు జాతికి పూర్వీకురాలు, కుళ్లిపోయిన కలప అని తేల్చి, ఆ అర్థం వచ్చేలా ప్రొటోటాక్సైటీస్ అని పేరు పెట్టాడు. లోపలి సన్నటి పోగుల్ని కలపకు పట్టిన బూజనుకున్నాడు. పాపం, ఆయన బూజన్నది నా ఒళ్లే!

1872లో విలియం కారుథర్స్ నన్ను సముద్రపు నాచుల్లో కలిపి వేరే పేరు పెట్టాడు. చివరికి డాసన్ కూడా చెట్టు మాట వదిలేశాడు. అయినా శాస్త్రంలో మొదట పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి ఆ చెట్టు పేరే నాకు ఖాయమైంది.

2001లో స్మిత్‌సోనియన్‌కు చెందిన ఫ్రాన్సిస్ హ్యూబర్ నన్ను పలచటి రేకులుగా కోసి చూసి శిలీంధ్రమన్నాడు. 2007లో నాలోని కార్బన్‌ను కొలిచారు. ఎండతో వండుకునే మొక్కలు ఒకేచోట పెరిగితే వాటి కార్బన్ ఐసోటోపుల పాళ్లు దాదాపు ఒకటిగా ఉంటాయి. మావాళ్లలో ఒక్కొక్కరివి ఒక్కోలా వచ్చాయి. అంటే దొరికినదాన్ని బట్టి తిని బతికామన్నమాట. 2010లో మరికొందరు నన్ను చాపలా చుట్టుకుపోయిన లివర్‌వర్ట్ మొక్కల పొరలన్నారు. ఈ ఒక్క మాటే నాకు బొత్తిగా నచ్చలేదు.

ఈమధ్య స్కాట్లాండ్‌లోని రైనీ రాళ్లలో మా పొట్టి బంధువు మీద పరీక్షలు చేశారు. అదే రాతిలోని శిలీంధ్రాల్లో వాటి కణగోడల్లో ఉండే కైటిన్ లాంటి పదార్థాల ఆనవాళ్లు మిగిలాయి, మావాడిలో మిగల్లేదు. మొక్కా కాదు, శిలీంధ్రమూ కాదు, పూర్తిగా అంతరించిన మరో శాఖ అంటున్నారు ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు.

అలాగైతే ఇంకో చిక్కుంది. అంత ఎత్తు ఎందుకు పెరిగానంటే, బీజాంశాల్ని గాలిలో దూరదూరాలకు వదలడానికని శిలీంధ్ర పక్షం దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. కొత్త పక్షం వాళ్లు దానికి జవాబు మొదటినుంచి మళ్లీ వెతుక్కోవాలి.